చెప్పని మాత్రలు

మార్చి 3

మందుల కంపెనీ వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఏటా మా ఆవిడ ఫోన్ నంబర్లు రాసుకోవడానికి తీసుకుంటుంది. ఈసారి నేనే ఉంచుకున్నాను.

అన్నయ్యకి మూడు రోజులుగా ఎక్కిళ్ళు తగ్గడం లేదు. టైలరింగ్ షాపు మా మందుల షాపుకి పక్కదే కాబట్టి గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపు మిషను చప్పుడు, ఒక ఎక్కిలి, మళ్ళీ మిషను చప్పుడు. ఇవాళ మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని వాంతి చేసుకున్నాడు. గ్యాస్ మాత్ర ఇచ్చాను. బడి యూనిఫారాలు కుట్టే రోజులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కూర్చునే మనిషికి గ్యాస్ కాక ఇంకేముంటుంది? ఇరవై ఆరేళ్ళుగా ఈ కౌంటరు వెనక నిలబడుతున్నాను. వీధిలో అందరూ నన్ను బుల్లి డాక్టరు అంటారు. ఆ మాత్రం నాకు తెలియదా?

మార్చి 4

తగ్గినట్టే ఉంది.

మార్చి 5

తగ్గలేదు. పాదాలు కూడా ఉబ్బాయి. చెప్పులు పట్టక ఉత్తికాళ్ళతో వచ్చాడు. తొక్కుడు మిషను మానేసి మోటారు పెట్టించుకోమని రెండేళ్ళ నుంచి చెబుతున్నాను, వినడు. కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఉబ్బవా?

ఎదురుగా కటింగ్ షాపాయన ఇవాళ మా అరుగు మీద కూర్చుని, “మీ అన్నయ్య మిషను మీదకన్నా వెనక బాత్రూం దారిలోనే ఎక్కువ కనపడుతున్నాడు” అన్నాడు. అన్నయ్య వినేసి, “నీకూ అరవై మూడు వస్తాయిలే, అప్పుడు చెప్పు” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

మార్చి 7

పొద్దున్న మా ఆవిడ ఒక మాట అంది. “పైన అక్క రోజూ దుప్పట్లు ఉతుకుతోంది, గమనించారా?”

అన్నయ్యా వదినా పైవాటాలో ఉంటారు. పిల్లల్లేరు. నేను గమనించలేదు.

“మేడ మీద తీగ నిండా అవే. చంటిపిల్లలున్న ఇల్లా అది? మీ అన్నయ్యే కదా, ఒక్కసారి అడగండి.”

“ఏమని అడగమంటావు? అన్నయ్యా, పక్క తడుపుతున్నావా అనా?”

“అడగడానికి మీకు సిగ్గు. చెప్పుకోవడానికి ఆయనకి సిగ్గు. మధ్యలో మా అక్క చేతులు బొబ్బలెక్కిపోతున్నాయి.”

అడగలేదు. మాకు అమ్మానాన్నా పోయినప్పుడు నాకు పదమూడేళ్ళు, తనకి పందొమ్మిది. నా ఫీజులు కట్టి, నాకు చొక్కాలు కుట్టి, నా చేత ఈ షాపు పెట్టించిన మనిషి. అలాంటి మాటలు మా మధ్య ఎప్పుడూ రాలేదు. వయసు మీద పడితే ఇవన్నీ మామూలే. రోజుకి పదిమంది ముసలివాళ్ళు నా కౌంటరు దగ్గరికి ఇదే గొడవతో వస్తారు.

మార్చి 8

జలుబు చేసిందంటే జలుబు మాత్రలు ఇచ్చాను. రెండే. నడుం నొప్పి మాత్ర మామూలే.

మార్చి 9

జలుబు తగ్గింది. మనిషి మత్తుగా ఉన్నాడు. జలుబు మాత్రకి మత్తు ఉంటుంది కదా.

మార్చి 11

నిన్న రాయడానికి కుదరలేదు. జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

నిన్న పదకొండింటికి వదిన షాపులోకి వచ్చి కౌంటరు మీద ఒక చొక్కా పరిచింది. ఎవరో బడిపిల్లాడి చొక్కా, వాళ్ళమ్మ వెనక్కి తెచ్చి ఇచ్చిందట.

“చూడు.”

చూశాను. రెండు చేతులూ ఎడమ చేతులే.

“నలభై ఏళ్ళలో ఎప్పుడైనా ఇలా కుట్టాడా? అడిగితే, సరిగ్గానే ఉంది కదా అంటాడు. నన్ను చూసి ఎవరు నువ్వు అన్నట్టు చూస్తాడు.” వదిన గొంతు పెంచలేదు. “ఇంకోటి. పొట్ట పెరిగిందని ఈ ఏడాదిలో ప్యాంటు నడుం రెండుసార్లు విప్పి కుట్టుకున్నాడు. తినేదేమో పిడికెడు. చేతులు చూస్తే పుల్లలు. పొట్ట ఒక్కటే ఎలా పెరుగుతుంది? నువ్వు మందులు తెలిసినవాడివి, నువ్వు చెప్పు.”

“రేపు చూద్దాం వదినా. ఇవాళ ఏజెన్సీ వాళ్ళు సరుకు తెస్తున్నారు.”

“రేపు కాదు” అంది.

రెండు షట్టర్లూ దించేశాం. ఆటోలో అన్నయ్య నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. నోట్లోంచి ఒకలాంటి వాసన వచ్చింది. మా షాపు వెనక బాత్రూంలో వచ్చే వాసన.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నా కొడుకు వయసు వాడు. దుప్పటి తీసి అన్నయ్య పొట్ట మీద వేలు పెట్టి తట్టి చూశాడు. “పెద్దాయనా, మూత్రం సరిగ్గా వస్తోందా?”

“బాగా వస్తుందండీ. మామూలుకన్నా ఎక్కువసార్లే వెళ్తాడు” అన్నాను.

“నేను అడిగింది మిమ్మల్ని కాదు.”

అన్నయ్య కళ్ళు తెరిచాడు. “వస్తుంది. ఆగదు.”

“వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు ఉంటుందా?”

“ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది.”

“సన్నగా, చుక్కలు చుక్కలుగా వస్తుందా? ముక్కాల్సి వస్తుందా?”

తల ఊపాడు. వదిన నా వైపు చూసింది. ఏడాదిగా అన్నయ్య లోపల దాచుకున్నదంతా ముక్కూ మొహం తెలియని మనిషి అరనిమిషంలో రాబట్టాడు. నేను గోడ అవతలే ఉన్నాను.

“ఇది పొట్ట కాదండీ, మూత్రసంచి. బొడ్డు దాకా వచ్చేసింది” అన్నాడు డాక్టరు.

“పోస్తూనే ఉన్నాడు కదా. అడ్డం పడితే ఎలా వస్తుంది?”

“బకెట్టు నిండాక కుళాయి కట్టకపోతే పైనుంచి పొర్లుతుంది. పొర్లుతోంది కాబట్టి బకెట్టు ఖాళీ అవుతోందంటామా?”

రక్తం రిపోర్టు వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 11.4. ఒకటి దాటకూడదని నాకు తెలుసు. ఆ అంకె మీద వేలు పెట్టుకుని నిలబడిపోయాను. పొటాషియం 6.9. ఈసీజీ పట్టీ చూసి డాక్టరు మొహం మారింది. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని మాతో తిన్నగానే చెప్పాడు. నర్సులు పరుగులు పెట్టి సూదుల మీద సూదులు ఇచ్చారు. స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ నీళ్ళు నిండి ఉబ్బిపోయి కనిపించాయి. ప్రోస్టేట్ గ్రంథి ఉండాల్సినదానికి నాలుగింతలైంది. అది మూత్రం దారిని నొక్కేసింది. సంచిలో కట్టుకున్న మూత్రం వెనక్కి తన్ని నెలల తరబడి కిడ్నీలని పాడు చేసింది. నాలుగు ముక్కల్లో చెప్పాడు.

మూత్రం పైపు మొదటిసారి లోపలికి వెళ్ళలేదు. అన్నయ్య మంచం పట్టీని పట్టుకున్నాడు, అరవలేదు. రెండోసారి కొస వంగిన పైపు తెచ్చారు. అది వెళ్ళింది. నర్సు బ్యాగు మార్చి మళ్ళీ మార్చింది. అంతా కలిపి పందొమ్మిది వందల మిల్లీలీటర్లు. దాదాపు రెండు లీటర్లు. పొట్ట కళ్ళ ముందే దిగిపోయింది. అన్నయ్య పెద్ద నిట్టూర్పు విడిచి, “అబ్బ” అన్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఖాళీ అయిన మనిషి.

కేసు షీటు రాస్తూ డాక్టరు అడిగాడు, “ఏమేం మందులు వాడుతున్నారు?”

“బీపీ మాత్ర. గ్యాస్ మాత్ర.”

“ఇంకా?”

“అంతే” అన్నాను.

ఆ గొడవలో ఇంకేం గుర్తొస్తాయి?

మార్చి 12

డయాలసిస్ కావాల్సి రావచ్చని సంతకం పెట్టమన్నారు. వదిన పెట్టింది. పక్కన సాక్షిగా నేను పెట్టాను. వదిన పెన్ను పట్టుకుని, “ఇది ఒక్కసారా, ఎప్పటికీనా?” అని అడిగింది.

సాయంత్రానికి పొటాషియం దిగింది. ఇవాళ్టికి డయాలసిస్ వద్దన్నారు. క్రియాటినిన్ 9.

మార్చి 13

ఇప్పుడు ఆగమన్నా ఆగడం లేదు. నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దుటికి తొమ్మిది లీటర్లు. అడ్డం తొలగగానే కిడ్నీలకి పట్టు తప్పుతుందట, నీళ్ళూ ఉప్పూ అన్నీ వదిలేస్తాయట. పోయినంతకి తగ్గట్టు సెలైన్ ఎక్కిస్తున్నారు. వదిన బ్యాగు ఖాళీ అయినప్పుడల్లా పలక మీద గీత గీస్తోంది.

“నాలో బోరు వేసినట్టున్నారురా” అన్నాడు అన్నయ్య. మాట తేటగా ఉంది. నన్ను ఒరేయ్ అన్నాడు. ఆ రెండు ఎడమ చేతుల చొక్కా సంగతి చెబితే నమ్మలేదు. “పోరా, నేనా?” అన్నాడు.

7.1.

మార్చి 14

5.6. కిడ్నీ డాక్టరమ్మ రోజూ పొద్దున్న వస్తుంది. తక్కువ మాట్లాడే మనిషి. ఇవాళ రిపోర్టు చూసి, “పరవాలేదు” అంది. ఆ ఒక్క మాట పట్టుకుని వదిన మధ్యాహ్నం అన్నం తింది.

ఆసుపత్రి పరుపు గుంటలు పడింది. నడుం పట్టేసిందని అన్నయ్య ఒకటే ఇది. నర్సుని అడిగితే జ్వరం మాత్రే ఇచ్చింది. అది తన నడుముకి ఏం పనిచేస్తుంది? ఏదో సర్దాను.

మార్చి 15

నొప్పి తగ్గింది. నవ్వాడు. పక్క మంచం ఆయన పైజమా కుట్టు చూసి, “ఎవడు కుట్టాడండీ దీన్ని, శత్రువా?” అని అడిగాడు. వార్డంతా నవ్వింది.

5.2.

మార్చి 16

5.2.

మార్చి 17

5.5. పెరిగింది.

డాక్టరమ్మ కాగితాలన్నీ ముందేసుకుని చాలాసేపు చూసింది. అడ్డం పోయింది, మళ్ళీ స్కాన్ చేస్తే ఉబ్బు కూడా దిగింది. మరి దిగుతున్న అంకె ఎందుకు ఆగింది, ఎందుకు ఎక్కుతోంది అని తనలో తనే అనుకుంటున్నట్టు అంది. వదిన నన్ను చూసింది. నేను కిటికీలోంచి చూశాను. కింద ఎవరో స్కూటరు తుడుచుకుంటున్నారు.

ఒక్కోసారి అంకెలు అటూ ఇటూ అవుతుంటాయి. ల్యాబు మనుషులు చేసే పనే కదా.

మార్చి 18

5.9.

వీపు వెనక నుంచి కిడ్నీలోకి సూది దింపి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలట. అడ్డం కాకుండా ఇంకేదో జబ్బు లోపల ఉందేమోనని డాక్టరమ్మ అనుమానం. రేపు పొద్దున్న తొమ్మిదింటికి. రక్తస్రావం అయ్యే ప్రమాదం కొద్దిగా ఉంటుందని, ఎప్పుడో ఒకరికి కిడ్నీయే తీసెయ్యాల్సి రావచ్చని కాగితంలో రాసుంది. వదిన చదవమంటే నేనే చదివి వినిపించాను. సంతకం పెట్టింది. సాక్షిగా నేను పెట్టాను.

అన్నయ్య వీపు మీద చెయ్యి వేసి, “ఎక్కడ గుచ్చుతారు? ఇక్కడా?” అని అడిగాడు.

“ఇంకొంచెం కింద.”

“నొప్పి పుడుతుందా?”

“మత్తు ఇస్తారు.”

నేను రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

నడుం నొప్పి మాత్ర. రోజుకి రెండు. పోయిన ఏడాది జనవరిలో మొదలైంది. సంక్రాంతి బట్టల హడావుడిలో నడుం పట్టేసిందంటే నేనే ఇచ్చాను. తగ్గిందన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. తర్వాత అడగడం కూడా మానేశాడు. పొద్దున్న షాపు తెరవగానే రెండు షాపుల మధ్య కిటికీలోంచి చెయ్యి చాచేవాడు, నేను చేతిలో పెట్టేవాడిని. పద్నాలుగు నెలలు. ఆ మాత్ర కిడ్నీకి చేటని తెలియక కాదు. వేరేవాళ్ళు అడిగితే వారం దాటి వాడకండి అని చెప్పి మరీ ఇస్తాను. అన్నయ్య కదా, తనకేమవుతుందిలే అనుకున్నాను. అనుకోలేదు కూడా.

జలుబు మాత్రలు రెండు కాదు. మూడు రోజులపాటు మూడు పూటలా ఇచ్చాను. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకి అది మూత్రం దారిని ఇంకా బిగించేస్తుంది. డబ్బా మీదే రాసుంది.

ఇక్కడికొచ్చాక నాలుగు నొప్పి మాత్రలు. పద్నాలుగున ఒకటి. పదిహేనున రెండు. పదహారున ఒకటి. వదిన నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు. నిన్నా ఇవాళా భయం వేసి ఇవ్వలేదు.

మార్చి 19

ఎనిమిదింటికే డాక్టరమ్మ గది బయట నిలబడ్డాను. ఆమె తాళం తీస్తుండగానే చెప్పేశాను. లోపలికి వెళ్ళి కూర్చుని చెప్పాలని ఇంటి దగ్గర అనుకున్నాను, అంతదాకా ఆగలేకపోయాను.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది పైన. రోజుకి రెండు.”

“ఇక్కడ చేరాక?”

“నాలుగు.”

ఆమె తలుపు తీయడం ఆపి నా వైపు తిరిగింది. “మీరేం పని చేస్తారు?”

“మందుల షాపండీ.”

“నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు” అంది. నేను తల దించుకున్నాను.

“మొదటిరోజు కేసు షీట్లో రెండే మందులున్నాయి. చెప్పింది మీరేనా?”

“నేనే.”

“ఇవాళ సూది వద్దు. ఆ మాత్ర పూర్తిగా ఆగాలి. వారం చూద్దాం. దిగకపోతే అప్పుడు ఆలోచిద్దాం.” గదిలోకి వెళ్ళి కేసు షీటు తెప్పించుకుని నేను చెప్పినదంతా రాసింది. తలెత్తకుండానే, “మీ అన్నయ్యకి నేను చెప్పను. అది మీ పని” అంది.

“మాత్రల వల్లే పోయాయా డాక్టరుగారూ, కిడ్నీలు?”

“అడ్డం వల్ల చాలా పోయింది. మాత్రల వల్ల ఎంత, అడ్డం వల్ల ఎంత అని గీత గీసి చెప్పడం ఎవరి వల్లా కాదు.”

ఆ జవాబుతో నేనేం చేసుకోను?

అన్నయ్య స్నానం చేసి, సూదికి సిద్ధంగా ఏమీ తినకుండా కూర్చున్నాడు. వదిన పక్కనే ఉంది. ఇద్దరి ముందే చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు.

“జలుబు మాత్ర కూడానా?” అన్నాడు చివరికి.

“అది కూడా.”

“మాత్రలు నేనే అడిగాను. అడిగితే కాదనలేకపోయావు. అది మనిద్దరి తప్పు, సరే.” చేతికున్న సెలైన్ ప్లాస్టరు సర్దుకున్నాడు. “ఆ రోజు డాక్టరు మందులేమిటని అడిగాడు. నాకు సగం తెలివే ఉంది, కానీ విన్నాను. అంతే అన్నావు. మందుల సంగతి తెలిసినవాడివి, చెప్పక్కర్లేదనుకున్నావేమో అనుకున్నాను. నిన్న నా వీపులో సూది గుచ్చుతారని కాగితం తెస్తే చదివి మరీ సంతకం పెట్టావు.”

“అన్నయ్యా.”

“బయట కూర్చో.”

కూర్చున్నాను. పదకొండింటికి వదిన ఒక్కసారి బయటికి వచ్చి, “ఇంటికెళ్ళు. మేం చూసుకుంటాం” అంది.

మార్చి 20

వెళ్ళాను. వార్డు తలుపు దాకా. మళ్ళీ వచ్చేశాను.

మార్చి 23

డ్యూటీ డాక్టరుని అడిగి తెలుసుకున్నాను. 4.8.

మార్చి 26

4.1. దిగుతోంది. ఆ నాలుగు మాత్రలూ లేకపోతే ఇది వారం క్రితమే దిగేది.

మార్చి 29

పైపుతోనే ఇంటికి పంపారు. 3.6. ఆటో దిగేటప్పుడు చెయ్యి ఇవ్వబోతే వదిన భుజం పట్టుకుని దిగాడు. పైపు బ్యాగు లుంగీ మడతలో దాచుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. పద్దెనిమిది మెట్లు. నేను కింద నిలబడి లెక్కపెట్టాను.

ఏప్రిల్ 9

నాతో మాట్లాడడు. నాకేమైనా చెప్పాలంటే వదినతో అంటాడు, “షాపాయన్ని అడుగు.” మా ఆవిడకి కూడా విషయం తెలిసింది. తను రోజూ సాయంత్రం పైకి వెళ్ళి ఉప్పు లేని కూర ఇచ్చి వస్తోంది.

కౌంటరు దగ్గర ఎవరో నడుం నొప్పికి మాత్ర అడిగారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాను. “ఇన్నాళ్ళూ ఇచ్చావు కదా” అన్నాడు. అవును, ఇన్నాళ్ళూ ఇచ్చాను.

ఏప్రిల్ 22

ఆపరేషన్ అయింది. పైన కోత లేకుండా మూత్రం దారిలోంచే పరికరం పంపి గ్రంథిని గీరి తీశారు. మూడు రోజులు ఎర్రగా వస్తుందన్నారు. నేను కింద క్యాంటీన్లో కూర్చున్నాను. అక్కడి నుంచి లిఫ్టు తలుపు కనపడుతుంది.

ఏప్రిల్ 25

పైపు తీసేశారట. సొంతంగా వచ్చిందట, ధారగా. వదిన మెట్ల మీద మా ఆవిడతో చెబుతూ ఏడుస్తోంది. లోపల గదిలో ఉండి విన్నాను.

తీసిన ముక్కల్లో క్యాన్సర్ ఏమీ లేదు.

మే 14

గోడ అవతల మళ్ళీ మిషను చప్పుడు. పూటకి గంట. లేచి బాత్రూంకి వెళ్ళడం లేదు. అంతా బాగైనట్టే ఉంది చూసేవాళ్ళకి.

3.5. నెలన్నరగా అక్కడే ఉంది.

జూన్ 2

నేను కూడా రావచ్చా అని వదినని అడిగి వాళ్ళ వెనకాల వెళ్ళాను. డాక్టరమ్మ అన్నయ్యకే చెప్పింది. వచ్చినంత వెనక్కి వచ్చింది, పోయినది ఇక రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఉప్పు, అరటిపండ్లు, నొప్పి మాత్రలు మానెయ్యాలి. అయినా కిడ్నీల పని మెల్లగా తగ్గుతూ వస్తుంది. రెండేళ్ళో నాలుగేళ్ళో, ఎప్పుడో ఒకప్పుడు డయాలసిస్ తప్పదు. అందుకని ఎడమ చేతికి ఇకనుంచి సూది గుచ్చనివ్వకండి, ఆ నరాలు అప్పుడు కావాలి అంది.

అన్నయ్య ఎడమ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. “గుడ్డ జరిపేది ఈ చేత్తోనేనమ్మా. అప్పుడు కుట్టుకోవచ్చా?”

“కుట్టుకోవచ్చు. బరువులు ఎత్తకూడదు.”

“చొక్కాలేం బరువు లెండి” అన్నాడు.

జూన్ 5

అన్నయ్యకి చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా కిడ్నీ ఒకటి తీసుకోండి అన్నాను. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు. ఇప్పుడే అవసరం లేదంది. ముందే చూసి పెట్టండి, అవసరం వచ్చినప్పుడు సిద్ధంగా ఉంటానన్నాను. నా మొహం చూసి కాదనలేక పరీక్షలు రాసింది.

ఇంటికి వచ్చి, ఎన్నాళ్ళ తర్వాతో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

జూన్ 9

షుగరు. పరగడుపున 310. మూత్రంలో ప్రోటీన్ కూడా పోతోంది.

“మీ కిడ్నీలు మీకే కావాలి” అంది డాక్టరమ్మ. మళ్ళీ రమ్మంది. వెళ్ళలేదు.

జూన్ 10

ఇవ్వడానికి కూడా పనికి రాలేదు.

జూన్ 18

సాయంత్రం షాపు ఖాళీగా ఉంది. మందులు సర్దుతున్నాను.

“షుగరు ఎంతట?”

ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. తిరిగి చూస్తే అన్నయ్య కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. చేతి వేలికి తొడుగు ఇంకా ఉంది. కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టున్నాడు.

“నిన్నేరా. మీ ఆవిడ అంతా చెప్పిందిలే.”

“మూడు వందల పది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“తెలీదు. ఇప్పుడే బయటపడింది.”

“డాక్టరు దగ్గరికి వెళ్ళావా?”

“షాపులో ఉన్న మాత్ర వేసుకుంటున్నాను.”

“ఏదీ, చూపించు.”

చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి కౌంటరు మీద పెట్టాడు. “ఇంకా?”

“బీపీకి ఒకటి.”

“ఇవి ఎవరు రాసిచ్చారు?”

ఆ మాత్రల అట్ట తీసి అరలో పెట్టాను. బయట కటింగ్ షాపాయన కుర్చీ కడుగుతున్నాడు.

“నీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో నాకు తెలీదు. కిడ్నీ ఇస్తానన్నావని పోయిందనుకోకు” అన్నాడు. “రేపు పొద్దున్న నా రక్తపరీక్ష. నువ్వూ రా. ఏమీ తినకుండా రా. నీ మందులు డాక్టరమ్మకి నేను చెబుతాను. నువ్వు నోరు విప్పక్కర్లేదు.”

“సరే అన్నయ్యా.”

“ఏడున్నరకల్లా కింద ఉండు. నీకోసం ఆగను.”

జూన్ 19

ఏడుంబావుకే కింద నిలబడ్డాను. ఆటోలో వెళ్ళాం. ల్యాబులో రెండు కుర్చీలు పక్కపక్కన వేసున్నాయి. అన్నయ్యకి కుడిచేతి నుంచి రక్తం తీశారు. నాకు ఏ చెయ్యి అయినా పరవాలేదన్నారు.

అన్నయ్యది 3.8. కొంచెం పెరిగింది. డాక్టరమ్మ తేదీ వేసి రాసుకుంది. తర్వాత నా కాగితాలు తీసుకుని, “ఏమేం వాడుతున్నారు?” అని అడిగింది.

అన్నయ్య చెప్పాడు. షుగరుది ఒకటి, బీపీది ఒకటి. పేర్లు చీటీ మీద రాసుకొచ్చాడు, అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

“ఇంకా?”

“అంతేనమ్మా” అన్నాడు అన్నయ్య.

“ఇంకోటి ఉందండీ” అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. “నిద్రమాత్ర. మార్చి నుంచి. మొదట ఒకటి, ఇప్పుడు రెండు.”

అది ఈ డైరీలో కూడా రాయలేదు.